కారణం రాశారా? ముందు అది చూడండి

ఈ నెల నా ముందున్న ఉత్తరాల్లో మోకాళ్లు, నడుములు, వినపడని చెవులు పక్కన పెట్టాను. వాటి సంగతి వచ్చే నెల. ఈసారి మనసు జబ్బుతో ఇంటికొచ్చిన సిపాయిల గురించి వచ్చిన ఉత్తరాలే తీసుకున్నాను. నేను డాక్టర్ని కాదు, వకీలునీ కాదు. ఆర్మీలో క్లర్కుగా చేరి సుబేదారుగా బయటికొచ్చినవాణ్ణి. కాగితాల సంగతి మాత్రం తెలుసు.

• • •

ప్రశ్న: సుబేదార్ గారూ, మా నాన్న 1993లో ఆర్మీలో చేరారు. 1999 నుంచి రెండేళ్లకు పైగా కాశ్మీర్‌లోని కుప్వారాలో ఉన్నారు. తర్వాత పీస్ స్టేషన్‌కి, అంటే గొడవల్లేని చోటుకి, పోస్టింగ్ వచ్చింది. అక్కడ ఉండగా 2003లో రాత్రుళ్లు నిద్ర పోకుండా బ్యారక్ చుట్టూ తిరగడం, ఎవరో తనని వెంటాడుతున్నారనడం మొదలైందట. మిలిటరీ హాస్పిటల్లో స్కిజోఫ్రెనియా అన్నారు. 2005లో ఇంటికి పంపేశారు. నేనప్పుడు మూడో తరగతి. ఆయన ట్రంకుపెట్టె మోసుకుంటూ వచ్చింది గుర్తుంది గానీ ఎందుకొచ్చారో మాకెవరూ చెప్పలేదు. మెడికల్ బోర్డు 40 శాతం, జీవితాంతం అని రాసింది. డిజెబిలిటీ పెన్షన్ మాత్రం ఇవ్వలేదు. జబ్బుతో ఇంటికి పంపినవాళ్లకిచ్చే ఇన్వాలిడ్ పెన్షన్ ఒక్కటే వస్తోంది. 2007లో అప్పీలు కొట్టేశారు. ఆ ఉత్తరంలో జబ్బు ‘కాన్‌స్టిట్యూషనల్’ అనీ, పీస్ స్టేషన్లో మొదలైందనీ ఉంది. మా బాబాయి చదివి ‘రాజ్యాంగం ప్రకారం రాదు’ అని చెప్పాడు. అమ్మ అదే నమ్మింది. మొన్న పెట్టె సర్దుతుంటే నాకీ కాగితాలు దొరికాయి. ఒకదాని మీద పెన్సిల్‌తో ‘నానా’ అని రాసుంది. అది నాన్న పేరు కాదు, ఏమిటో తెలియదు. ఇప్పుడు ఏమన్నా చేయొచ్చా?
– ఒక కూతురు, తాడేపల్లిగూడెం దగ్గర

జవాబు: అమ్మా, ముందు ఆ పెన్సిల్ రాత సంగతి చెబుతాను. అలాంటివి నేనూ రాశాను. ‘నైదర్ ఆట్రిబ్యూటబుల్ టు నార్ ఆగ్రవేటెడ్ బై మిలిటరీ సర్వీస్’ అని మెడికల్ బోర్డు రాస్తుంది. ఈ జబ్బు నౌకరీ వల్ల రాలేదు, నౌకరీ వల్ల ముదరనూ లేదు అని దానర్థం. అంత పొడుగు మాట ప్రతి ఫైలు మీదా ఎక్కడ రాస్తాం? మొదటి అక్షరాలు కలిపి నానా అనేవాళ్లం. ‘ఈ కేసు నానా’ అంటే ఆ ఫైలు ఇక కదలదని.

బాబాయి అనువాదం చదివి కాసేపు నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు. అక్కడ కాన్‌స్టిట్యూషనల్ అంటే అంబేద్కర్ రాసింది కాదమ్మా. జబ్బు మనిషి తత్వంలోనే, పుట్టుకలోనే ఉందని డాక్టర్లు వాడే మాట. ఒక్క మాట అర్థం కాక మీ ఇంట్లో ఇన్నేళ్లు ఆ పెట్టె మూసి ఉంచారు.

డిజెబిలిటీ పెన్షన్‌కి రెండు సంగతులు తేలాలి. వైకల్యం 20 శాతానికి తగ్గకూడదు. మీ నాన్నగారిది 40, కాబట్టి దానితో పేచీ లేదు. రెండోది, జబ్బు నౌకరీ వల్ల వచ్చి అయినా ఉండాలి, నౌకరీ వల్ల ముదిరి అయినా ఉండాలి. రెంటిలో ఏ ఒక్కటైనా చాలు. చాలామంది మొదటిదాని మీదే కొట్లాడి రెండోది అడగడం మరిచిపోతారు. తత్వంలోనే ఉన్న జబ్బు అనుకున్నా, కుప్వారా దాన్ని బయటికి లాగిందా, ముదరబెట్టిందా అన్న ప్రశ్న అలాగే మిగులుతుంది. మీ అప్పీలులో రెండూ అడగండి.

ఇక రూల్స్. మీ నాన్నగారు 2005లో వచ్చారు కాబట్టి ఆయనకి 1982 నాటి ఎన్‌టైటిల్‌మెంట్ రూల్స్, అంటే ఈ పెన్షన్ ఎవరికి రావాలో చెప్పే రూల్స్, వర్తిస్తాయి. 2008లో ఒకసారి, 2023 సెప్టెంబరులో మరోసారి రూల్స్ మారాయి. పక్కింటి హవల్దారుకి వచ్చింది కదా అని ఆయన కాగితం చూసి మీది రాయకండి. ఏ తారీకున బయటికొచ్చాడో ఆ తారీకు రూలు చూడాలి.

1982 రూల్స్‌లో మూడు మాటలు మీకు పనికొస్తాయి. భర్తీ అయ్యేటప్పుడు మెడికల్‌లో ఏ లోపమూ రాయలేదంటే, మనిషి ఒంట్లోనూ మనసులోనూ బాగానే ఉండి చేరాడని అనుకోవాలి. రుజువు చేసే బరువు సిపాయి మీద ఉండదు, అనుమానం ఉంటే దాని లాభం అతనికే ఇవ్వాలి. మూడోది అసలైనది. భర్తీ నాడు రాయని జబ్బు నౌకరీలో వచ్చినట్టే లెక్క. కాదు, అప్పుడు పరీక్షలో కనిపెట్టలేని జబ్బు అని డాక్టర్లు అనదలుచుకుంటే, ఎందుకు కనిపెట్టలేరో కారణం రాయాలి. ‘కారణాలు రాసి’ అన్న మాట రూల్లోనే ఉంది.

ఆ కారణం రాసే గడిలో ఏముంటుందో నాకు తెలుసు. నేను పనిచేసిన ఒక ఆఫీసులో అలాంటి బోర్డు కాగితాలు చూసి, వాటి ఆధారంగా తిరస్కరణ ఉత్తరాలు టైపు చేసేవాణ్ణి. గడిలో సగం కేసుల్లో ఒకే వాక్యం. మనిషి మారినా వాక్యం మారదు. కొన్నిట్లో గడి ఖాళీ. నేను పేరు, నంబరు, జబ్బు మార్చి ఉత్తరం కొట్టేవాణ్ణి. ఒకసారి శ్రీకాకుళం వైపు నుంచి ఒక తల్లి కొడుకుని వెంటబెట్టుకుని గేటు దగ్గరికొచ్చింది. తెలుగువాడినని నన్ను పిలిచారు. ‘మా వాడు వెళ్లేటప్పుడు బాగానే ఉన్నాడు బాబూ, మీరే చూసుకుని తీసుకున్నారు కదా’ అంది. ఆవిడ చదువుకోలేదు. కానీ రూల్లో ఉన్న మొదటి మాట అక్షరం పొల్లు పోకుండా చెప్పింది. నేను మాత్రం ‘నిబంధనల ప్రకారం రాదమ్మా’ అని పంపేశాను. ఆ నిబంధనలు నేను పూర్తిగా చదివింది రిటైరయ్యాక.

పీస్ స్టేషన్ సంగతికి వద్దాం. సాయుధ దళాల వైద్య సేవలకి 1983 నాటి రెగ్యులేషన్లు ఉన్నాయి. అందులో 423వ పేరా చూడమని మీ వకీలుకి చెప్పండి. జబ్బుకి కారణం ఫీల్డ్ ఏరియాలో పుట్టిందా, మామూలు శాంతి పరిస్థితుల్లో పుట్టిందా అన్నది లెక్కలోకి రాదని అందులో స్పష్టంగా ఉంది. అయినా మనసు జబ్బు కేసుల్లో పీస్ స్టేషన్ అనే మాట ఇప్పటికీ రాస్తూనే ఉన్నారు. మనసుకి మూవ్‌మెంట్ ఆర్డర్ ఉంటుందా అమ్మా? మనిషి కుప్వారాలో రైలెక్కి వచ్చేస్తాడు. చూసినవి అక్కడే దిగిపోవు. మెడికల్ ఆఫీసర్ల గైడ్‌లో కూడా మానసిక జబ్బుల దగ్గర యుద్ధ ప్రాంతం, తీవ్రవాద ప్రాంతం, ఎత్తైన కొండలు, ఒంటరి పోస్టులు చూడమని ఉంది. అందుకని మీ నాన్నగారి పోస్టింగుల జాబితా మీకు బోర్డు కాగితం అంత ముఖ్యం.

కోర్టులు ఏమన్నాయో దాచకుండా చెబుతాను. గెలిచినవే చెప్పి ఆశ పెట్టడం నా పద్ధతి కాదు. 2009లో ఏవీ దామోదరన్ కేసులో జబ్బు స్కిజోఫ్రెనియానే. సుప్రీంకోర్టు బోర్డు మాటకే విలువ ఇచ్చింది, సిపాయి ఓడిపోయాడు. 2013 జూలైలో ధరమ్‌వీర్ సింగ్ తీర్పు వచ్చింది. ఆయనది మూర్ఛ జబ్బు. నేను పైన చెప్పిన రూల్స్ అన్నీ విడమరిచి, బోర్డు కారణం రాయకుండా నానా అంటే కుదరదని ఆ తీర్పులో చెప్పారు. దేశంలో ఈ కేసులన్నీ ఇప్పటికీ ఆ తీర్పు చుట్టూనే తిరుగుతున్నాయి. 2014లో సుఖ్వీందర్ సింగ్ కేసులో అదే దారి. అంతా బాగుందనుకుంటుంటే 2019లో నర్సింగ్ యాదవ్ తీర్పు వచ్చింది. మళ్లీ స్కిజోఫ్రెనియా, మళ్లీ ఓటమి. మానసిక జబ్బు భర్తీ పరీక్షలో బయటపడదు, వస్తూ పోతూ ఉంటుంది, భర్తీ నాడు రాయలేదన్నంత మాత్రాన నౌకరీ వల్లే వచ్చిందనలేం అన్నారు. మీ కేసు నడిస్తే అవతలి వకీలు మొదట తీసేది ఈ తీర్పే.

2025 మేలో రాజుమోన్ కేసు. ఇదీ స్కిజోఫ్రెనియానే. సైనికుల కేసులు చూసే ట్రిబ్యునల్లో ఓడిపోయి సుప్రీంకోర్టుకి వెళ్లాడు. బోర్డు కారణాలు రాయలేదు, కారణం లేని అభిప్రాయం మీద పెన్షన్ ఆపడం చెల్లదు అని కోర్టు అతనికి పెన్షన్ ఇప్పించింది. జబ్బు పేరు ఒకటే అయినా ఒకరు ఓడారు, ఒకరు గెలిచారు. కాబట్టి జబ్బు పేరు చూసుకుని ధైర్యపడకండి, భయపడకండి. ఆ గడిలో ఏం రాశారో చూడండి. ఖాళీగా ఉందా? ‘కాన్‌స్టిట్యూషనల్’ అని ఒక్క ముక్క ఉందా? లేక ఈయన కుటుంబంలో ఫలానా చరిత్ర ఉంది, ఫలానా సంవత్సరంలో ఇలా జరిగింది అని నిజంగా వివరించారా? మొదటి రెండయితే మీ చేతిలో బలముంది. మూడోదైతే కష్టం, అయినా ముదిరింది అన్న రెండో దారి మిగిలే ఉంది.

ఆ కాగితం పెట్టెలో లేకపోతే తెప్పించాలి. దాన్ని ఇన్వాలిడింగ్ మెడికల్ బోర్డు ప్రొసీడింగ్స్ అంటారు. సమాచార హక్కు చట్టం కింద రికార్డ్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పోస్టల్ ఆర్డర్, ముప్పై రోజుల గడువు. దరఖాస్తు మీ పేరుతో పెడితే ‘వ్యక్తిగత సమాచారం’ అని తిప్పి పంపుతారు, నాన్నగారి పేరుతో, ఆయన సంతకంతో పెట్టండి. బోర్డు కాగితంతో పాటు మూడు అడగండి: భర్తీ నాటి మెడికల్ కాగితం, తేదీలతో పోస్టింగుల జాబితా, మానసిక జబ్బు కేసుల్లో కమాండింగ్ ఆఫీసర్ రాసి పంపే రిపోర్టు. చివరిదాన్ని ఎవరూ అడగరు. మనిషి అంతకుముందు యూనిట్లో ఎలా ఉండేవాడు, ఎప్పటి నుంచి మారాడు అని ఆయన పై అధికారే రాసిన కాగితం అది. కొన్నిసార్లు బోర్డు రాయని కారణం అందులో ఉంటుంది. కొన్నిసార్లు మనకి వ్యతిరేకంగా కూడా ఉంటుంది, అందుకే ముందు మనం చదవాలి.

ఇన్నేళ్ల ఆలస్యం గురించి భయపడుతున్నారు. పెన్షన్ నెలనెలా రావలసింది, నెలనెలా ఆగుతోంది, కాబట్టి తప్పు నెలనెలా జరుగుతున్నట్టే అని 2008లో తర్‌సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ సిపాయి పదహారేళ్లు ఆలస్యంగా వెళ్లాడు. కేసు నిలిచింది, కానీ బకాయిలు కేసు వేసిన రోజుకి వెనక మూడేళ్ల వరకే ఇచ్చారు. మీకూ అంతే అనుకోండి. 2005 నుంచి లెక్కగట్టి లక్షలొస్తాయని ఎవరైనా ఏజెంటు చెబితే గుమ్మం దాటనివ్వకండి. వచ్చేదాంట్లో వాటా అడిగేవాణ్ణి అసలు రానివ్వకండి.

దారి ఇది. మొదటి అప్పీలు పోయింది కాబట్టి ఆలస్యానికి కారణం రాసి రెండో అప్పీలు వేయండి. ఆరు నెలల్లో జవాబు రాకపోతే ఆగనక్కర్లేదు, ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కి వెళ్లొచ్చు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై బెంచ్ కింద ఉన్నాయి. అక్కడా ఆలస్యం మన్నించమని వేరే దరఖాస్తు జతచేయాలి. ఆలస్యానికి కారణంగా మీ బాబాయి అనువాదం సంగతి ఉన్నదున్నట్టు రాయండి. సిగ్గుపడకండి, అది నిజం. ట్రిబ్యునల్ కాదంటే హైకోర్టులో రిట్ వేయవచ్చని 2023లో సుప్రీంకోర్టు తేల్చింది, కాబట్టి అక్కడితో తలుపు మూసుకోదు.

గెలిస్తే 40 శాతాన్ని 50గా లెక్కిస్తారు. వైకల్యంతో ఇంటికి పంపినవాళ్లకి 1996 జనవరి నుంచి ఆ పద్ధతి ఉంది: 50 లోపుంటే 50, ఆపైన 75 వరకు 75, అది దాటితే 100. ఇప్పుడొచ్చే పెన్షన్ పోదు, దాని మీద డిజెబిలిటీ ఎలిమెంట్, అంటే వైకల్యానికిచ్చే భాగం, కలుస్తుంది.

వకీలు ఖర్చుకి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. 2025 జూలైలో జాతీయ న్యాయ సేవల సంస్థ నల్సా వాళ్లు సైనిక కుటుంబాల కోసం వీర్ పరివార్ సహాయతా యోజన అని మొదలుపెట్టారు, సైనిక బోర్డుల దగ్గరే న్యాయ సహాయం అందించాలని దాని ఉద్దేశం. మీ జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో వాకబు చేయండి.

ఒక మాట, కేసుతో సంబంధం లేనిది. నాన్నగారి చేత సంతకం పెట్టించేటప్పుడు ఏ కాగితం మీద ఎందుకు పెడుతున్నారో ఆయనకి చెప్పి పెట్టించండి. ‘నువ్వు సంతకం పెట్టు, నీకు తెలీదులే’ అనకండి. ఇరవై ఏళ్లుగా ఆయన వింటున్నది అదే అయి ఉంటుంది. బోర్డు కాగితం వచ్చాక ఆ గడిలో ఉన్న వాక్యం నాకు రాసి పంపండి.

• • •

ప్రశ్న: నేను పదిహేడేళ్లు చేసి 2021లో నాయక్‌గా రిలీజ్ అయ్యాను. డిప్రెషన్ 30 శాతం, సర్వీసు వల్ల ముదిరింది అని బోర్డే ఒప్పుకుంది. డిజెబిలిటీ ఎలిమెంట్ 30కే ఇస్తున్నారు. 50 చేయమంటే, ‘నిన్ను జబ్బుతో పంపలేదు, టైము పూర్తయి వెళ్లావు’ అంటున్నారు.
– మాజీ నాయక్, గిద్దలూరు

జవాబు: తమ్ముడూ, నీకు అసలు గొడవ తీరిపోయింది, అదృష్టవంతుడివి. 2014 డిసెంబరు 10న రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా తీసేసింది. టైము పూర్తయి వచ్చినవాడికీ నౌకరీ వల్ల వచ్చిన లేదా ముదిరిన జబ్బు ఉంటే 50గా లెక్కించాలి. ఆ తీర్పు పేరు, తేదీ రాసి రికార్డ్ ఆఫీసుకి ఒక పిటిషన్ పెట్టు. రాకపోతే ట్రిబ్యునల్. ఆలస్యం చేస్తే బకాయి మూడేళ్లకే ఆపేయొచ్చని పైన చెప్పానుగా, నువ్వు రిలీజైన తేదీ చూసుకుంటే నెలలు ఎలా కరిగిపోతున్నాయో నీకే తెలుస్తుంది.

ఉత్తరం చివర ‘డిప్రెషన్ అని ఊళ్లో చెప్పలేదు, వెన్నునొప్పి అని చెప్పాను’ అని రాశావు. ఊళ్లో ఏం చెప్పినా నీ ఇష్టం. పిటిషన్‌లో మాత్రం డిప్రెషన్ అనే రాయి. కిందటేడు ఒకాయన సిగ్గుపడి అప్పీలులో నడుము నొప్పి అని రాయించుకున్నాడు. బోర్డు కాగితంలో ఒకటి, అప్పీలులో ఒకటి! దాన్ని సరిచేయడానికే ఏడాది పట్టింది.

• • •

ప్రశ్న: అన్నయ్యగారూ, మాది గుంటూరు. మా అబ్బాయి గ్రీన్‌కార్డు మీద అమెరికా ఆర్మీలో చేరి ఆఫ్ఘనిస్తాన్ వెళ్లొచ్చాడు. ఇప్పుడు ఆర్మీలో లేడు. పీటీఎస్‌డీ (భయంకరమైనవి చూశాక వచ్చే మనసు జబ్బు) అని అక్కడి మాజీ సైనికుల శాఖ వీఏకి క్లెయిమ్ పెడితే కాదన్నారట. వాడు ‘వదిలెయ్ అమ్మా’ అంటున్నాడు. దీపావళికి ఇంటికొచ్చినప్పుడు మొదటి టపాకాయకే మంచం కిందికి దూరాడు. మూడు రోజులు డాబా మీద పడుకున్నాడు, గదిలో పడుకోలేదు. వాడి తరఫున ఇక్కడి నుంచి నేనేమైనా చేయగలనా? మీ కాలమ్ మన సైన్యానికేనని తెలుసు, ఏమనుకోకండి.
– ఒక తల్లి

జవాబు: ఏమనుకోను చెల్లెమ్మా. మా అల్లుడి స్నేహితుడొకడు అక్కడ ఇలాంటి కేసే నడిపాడు, అతని పుణ్యమా అని ఈ కాగితాలు కూడా చదవాల్సి వచ్చింది. చదివాక కొంచెం అసూయ పడ్డాను కూడా.

అక్కడ కాదన్న ఉత్తరంలో ఏ అంశం రుజువు కాలేదో రాయాలి, అతనికి అనుకూలంగా ఏం తేలిందో కూడా రాయాలి. మన గడిలా ఖాళీగా వదలడానికి వీల్లేదు. అబ్బాయిని ఆ ఉత్తరం తీసి ఆ రెండూ చదవమనండి. సాధారణంగా మూడు చూస్తారు: ఇప్పుడు జబ్బు ఉందా, నౌకరీలో ఏదైనా జరిగిందా, రెంటికీ లింకు ఉందా. ఏది లేదన్నారో దాన్నే పట్టుకోవాలి.

2019 ఫిబ్రవరి నుంచి అక్కడ మూడు దారులున్నాయి. కొత్త సాక్ష్యం ఉంటే సప్లిమెంటల్ క్లెయిమ్. కొత్తదేమీ లేదు, ఉన్నది సరిగా చూడలేదనుకుంటే పై అధికారి చేత మళ్లీ చూపించే హయ్యర్ లెవెల్ రివ్యూ. మూడోది బోర్డ్ ఆఫ్ వెటరన్స్ అప్పీల్స్‌కి వెళ్లడం, అక్కడ జడ్జి చూస్తాడు. ఉత్తరం వచ్చిన ఏడాదిలోపు ఏదో ఒకటి పట్టుకుంటే మొదటి క్లెయిమ్ తేదీ నిలుస్తుంది, గెలిస్తే డబ్బు అప్పటి నుంచి వస్తుంది. ‘వదిలెయ్’ అని ఏడాది దాటిస్తే తర్వాత కొత్త సాక్ష్యంతో మళ్లీ పెట్టుకోవచ్చు గానీ ఆ పాత తేదీ పోతుంది. మీరు వాడికి చెప్పాల్సింది ఇదొక్కటే, మిగతాది వాడే చూసుకుంటాడు. బోర్డు కూడా కాదంటే 120 రోజుల్లో వెటరన్ల కేసుల కోసమే ఉన్న కోర్టుకి వెళ్లొచ్చు.

పీటీఎస్‌డీ విషయంలో 2010 జూలైలో వాళ్లు రూలు సడలించారు. శత్రువుల దాడి, తీవ్రవాదుల దాడి భయంలో గడిపానని సైనికుడు చెబితే, అది అతను పనిచేసిన చోటుకీ పరిస్థితులకీ పొసిగితే, వీఏ డాక్టరు ఆ భయం జబ్బుకి సరిపోతుందని ఒప్పుకుంటే, ఆ సంఘటనకి వేరే కాగితం రుజువు అక్కర్లేదు. అనుకూల, ప్రతికూల సాక్ష్యాలు రెండు పళ్లాల్లో సమానంగా తూగితే తక్కెడ సైనికుడి వైపే మొగ్గాలని చట్టమే ఉంది. రేటింగ్ 0, 10, 30, 50, 70, 100 అని మెట్లుగా ఇస్తారు. దాదాపు అన్ని మానసిక జబ్బులకీ ఒకటే కొలత: మనిషి పనిలో, ఇంట్లో, నలుగురిలో ఎంత ఇబ్బంది పడుతున్నాడని.

మీరేం చేయగలరు? టపాకాయ సంగతి, డాబా సంగతి రాసి ఇవ్వగలరు. దాన్ని లే స్టేట్‌మెంట్ అంటారు, ఇంట్లోవాళ్లు కళ్లారా చూసింది సాక్ష్యంగా తీసుకుంటారు. జబ్బు పేరు మీరు రాయకండి, అది డాక్టరు పని. వెళ్లకముందు వాడెలా ఉండేవాడు, ఏ తేదీన ఇంటికొచ్చాడు, మీరేం చూశారు, అంతవరకే. తెలుగులో చెప్పి ఎవరిచేతనైనా ఇంగ్లీషులో రాయించుకుని, చదివించుకుని సంతకం పెట్టండి. అబ్బాయికి సాయం కావాలంటే అమెరికన్ లీజియన్, డీఏవీ, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంఘాల్లో గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉంటారు, వాళ్లు ఫీజు తీసుకోరు. అప్పీల్స్ బోర్డు తీర్పులు పేర్లు తీసేసి అందరూ చదివేలా పెడతారు కూడా. వాడిలాంటి కేసులు నాలుగు చదివితే, వదిలెయ్ అనే మాట మారుతుందేమో.

• • •

ప్రశ్న: సార్, నేను ఇంకా సర్వీసులోనే ఉన్నాను. సెలవు మీద వచ్చాను. ఆరు నెలలుగా గుండె దడ, చేతులు వణకడం, గార్డు డ్యూటీ అంటే టెన్షన్. యూనిట్లో చెబితే లో మెడికల్ కేటగిరీ పడుతుంది, ప్రమోషన్ పోతుంది. హైదరాబాదులో ప్రైవేటు డాక్టరుకి చూపించుకుని మందులు వాడుకుంటే ఎవరికీ తెలియదు కదా?
– పేరు, ఊరు రాయను

జవాబు: బాబూ, ఎవరికీ తెలియదు. అదే ఇబ్బంది.

కేటగిరీ పడితే ప్రమోషన్ మీద, పోస్టింగుల మీద దెబ్బ పడదని నేను అబద్ధం చెప్పను. ఆర్మీ ఆరోగ్య గ్రేడింగ్ షేప్‌లో మనసుకి సంబంధించిన ‘ఎస్’ ఒకటి నుంచి కిందికి జారితే ఆ ప్రభావం ఉంటుంది. కానీ చాలాసార్లు మొదట ఇచ్చేది తాత్కాలిక కేటగిరీ. ఇరవై నాలుగు వారాలకి మళ్లీ చూస్తారు, తగ్గితే పైకి తెస్తారు. అలా తిరిగి ఒకటికి వచ్చి సుబేదార్లయినవాళ్లని నేను చూశాను.

దొంగచాటుగా మందులు వాడితే ఏమవుతుంది? సెలవయ్యాక యూనిట్లో ఆ మందు దొరకదు. మధ్యలో ఆపేస్తావు. చేతిలో రైఫిలు ఉన్నవాడికి ఆ ఆపేయడం ఎంత ప్రమాదమో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఇంకొకటి, క్లర్కు బుద్ధితో చెబుతున్నాను. రేపు జబ్బు ముదిరి బోర్డు ముందు కూర్చుంటే, ‘ఎప్పుడు మొదలైంది’ అనే గడిలో ఏం రాస్తారు? ఈ ఆరు నెలలు ఎక్కడా ఉండవు. ఇప్పుడు నువ్వున్న పోస్టు ఫీల్డ్ అయితే, నీ కేసుకి పనికొచ్చే కాలమంతా నువ్వే చెరిపేసుకున్నట్టు. పై ఉత్తరంలో ఆ అమ్మాయి తండ్రి 1999లోనో 2000లోనో ఒక్కసారి మెడికల్ ఇన్‌స్పెక్షన్ రూముకి వెళ్లి నిద్ర పట్టడం లేదని రాయించుకుని ఉంటే, ఆ ఒక్క ఎంట్రీ ఇవాళ ఎంత విలువ చేసేదో.

ముందు ఫోన్లో మాట్లాడాలనుంటే టెలీ మానస్ 14416కి చెయ్యి. ప్రభుత్వం వారిదే, ఏ వేళప్పుడైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నీ యూనిట్ పేరు చెప్పక్కర్లేదు. ఆ తర్వాత సెలవులో ఉండగానే దగ్గర్లోని మిలిటరీ హాస్పిటల్‌కి వెళ్లి చూపించుకో. సికింద్రాబాద్‌లో ఉంది, విశాఖవైపు అయితే నేవీ వాళ్ల కల్యాణి ఉంది. ఎప్పుడైనా చచ్చిపోదామన్న ఆలోచన వస్తే మాత్రం సెలవు అయ్యేదాకా ఆగకు. ఇంట్లో ఒకరికి చెప్పి ఆ రోజే వెళ్లు.

• • •

పాత ఉత్తరానికి: కర్నూలు నుంచి, ట్రిబ్యునల్లో గెలిచిన మాజీ హవల్దారు గారికి. ఆర్డర్‌లో ఇచ్చిన గడువు దాటినా పెన్షన్ల ఆన్‌లైన్ వ్యవస్థ స్పర్శ్‌లో ఏమీ మారలేదని రాశారు. మారదు, ఊరికే కూర్చుంటే. అదే బెంచ్‌లో ఆర్డర్ అమలు చేయమని ఎగ్జిక్యూషన్ దరఖాస్తు వేయించండి, పాత కేసు నంబరు పైన రాయించడం మరవకండి. వాళ్లు పై కోర్టుకి వెళ్లారేమో ముందు కనుక్కోండి. వెళ్లినా స్టే లేకపోతే అమలు ఆగక్కర్లేదు. కొత్త పీపీవో (పెన్షన్ చెల్లింపు ఆర్డర్) చేతికొచ్చాక అందులో శాతం ఎంత వేశారో చూసి ఒక కార్డు ముక్క రాయండి. కిందటిసారి ఒకాయనకి 50 బదులు 30 అనే వేసి పంపారు.